పడవ మిద్దె మీద నీళ్ళతొట్టి

హిందూపురంలో కుళాయికి నీళ్ళు ఏ రోజు వస్తాయో కచ్చితంగా చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదు. అలాంటి ఊళ్ళో, అదీ చింతపండు మండీల వీధిలో, మిద్దె పైన గది తీసుకుని ఒక పిల్ల సముద్రంలో తిరిగే పడవలకు నమూనాలు గీస్తోందంటే జనం ఊరుకుంటారా? ఊరుకోలేదు. "వాసవి మెరైన్ డిజైన్స్" అని బోర్డు కట్టిన మొదటి వారంలోనే ఒకాయన మెట్లెక్కి వచ్చి, బోరు పాయింటు చూపించడానికి ఎంత తీసుకుంటారని అడిగాడు. ఇంకొకాయనకు హాల్లో పెట్టుకోవడానికి చేపల తొట్టి కావాలట. మూడో మనిషి ఏమీ అడగలేదు. బోర్డు కేసి కాసేపు చూసి, కింద మండీలో కూర్చున్న భాస్కరయ్యను జాలిగా చూసి, తన దారిన తాను పోయాడు.

భాస్కరయ్య వాసవి తండ్రి. ముప్పై ఏళ్ళుగా చింతపండు హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నాడు. కూతురు విశాఖపట్నంలో పడవల ఇంజనీరింగు చదివిందనీ, కొచ్చిలో పడవలు కట్టే యార్డులో ఆరేళ్ళు పనిచేసిందనీ, ఇప్పుడు సొంతంగా గీస్తానని ఇంటికొచ్చిందనీ ఆయనకు బాగానే తెలుసు. దాన్ని పదిమందికి ఎలా చెప్పాలో మాత్రం తెలియదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అనేవాడు. అది అబద్ధమూ కాదు. వాసవి పొద్దస్తమానం కంప్యూటర్ ముందే ఉండేది.

"సముద్రం యాడుండాది, నువ్వు యాడుండావు పాపా?" అని భోజనాల దగ్గర అప్పుడప్పుడూ అడిగేవాడు.

"గీసేదానికి సముద్రం ఏంటికి నాయనా? దాని లెక్క తెలిస్తే చాలు" అనేది వాసవి.

మొదటి ఆర్డరు కూడా సముద్రం వైపు నుంచి రాలేదు, ధర్మవరం వైపు నుంచి వచ్చింది. హరికృష్ణ ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టి, బెంగుళూరు చిక్కపేటలో పట్టుచీరల అంగడి పెట్టి, అరవై నిండగానే అంగడిని కొడుక్కి అప్పజెప్పిన మనిషి. దేవనహళ్ళి పక్కన ఎప్పుడో చవగ్గా కొనిపెట్టుకున్న ఐదెకరాల నేల, అక్కడికి విమానాశ్రయం వచ్చాక ఆయన్ను, ఆయనే నమ్మలేనంత ధనవంతుణ్ణి చేసింది. ఆ వయసు వాళ్ళు కాశీ రామేశ్వరం అంటారు. ఈయన, భార్య గౌరిని వెంటబెట్టుకుని సొంత పడవలో మాల్దీవులకు పోతానన్నాడు, అక్కడి నుంచి సీషెల్స్ దాకా పోతానన్నాడు. కొచ్చికి పోయి పడవ నడపడం కూడా నేర్చుకున్నాడు. అక్కడే ఎవరో వాసవి పేరు చెప్పారు. "హిందూపురం పిల్లనా! మన పక్క పిల్లే!" అని ఆ పూటే ఫోన్ చేశాడు.

వాసవి నాలుగు నెలలు ప్రాణం పెట్టి గీసింది. యాభై అడుగుల మోటారు పడవ. పరుగు పందేలకు పోయే రకం కాదు. గంటకు పదిహేను కిలోమీటర్లు, నింపాదిగా నడుస్తుంది. ఒకసారి డీజిల్ నింపితే సముద్రం దాటించేదాకా మళ్ళీ అడగదు. పడకగది ముందుకొనలో పెట్టమంటే వినకుండా సరిగ్గా నడుమన పెట్టింది. అల కొట్టినప్పుడు కొనలు ఎగిరెగిరి పడతాయి గాని నడుము అంతగా కదలదు. బస్సులో చివరి సీటులో కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వంటగది కావాలనే ఇరుకు చేసింది. పడవ ఎటు ఒరిగినా గట్టుకు నడుము ఆనించి, రెండు చేతులూ వాడుకుంటూ దోసె తిప్పుకోవచ్చు. బల్లల అంచులకు వేలెడు ఎత్తు కట్ట, మూలలన్నీ గుండ్రం, ఎటు చెయ్యి చాచినా పట్టుకోవడానికొక కడ్డీ. సుఖమంటే మెత్తటి పరుపు కాదనీ, పదో రోజు కూడా కింద పడకుండా కాఫీ తాగగలగడమనీ వాసవి నమ్మకం.

హరికృష్ణ అన్నిటికీ తలూపాడు. ఒక్కదాని దగ్గర మాత్రం మొండికేశాడు.

"మిద్దె మింద తొట్టి పెట్టాలమ్మా. ఇద్దరు కాళ్ళు చాపుకోని కూసునేంత."

మిద్దె అంటే పడవ పైకప్పు. తొట్టికి పన్నెండు వందల లీటర్లు పడతాయి, అంటే పడవ నెత్తిన టన్నుకు పైగా బరువు. పైన బరువు పెరిగేకొద్దీ పడవ ఒరుగుతుందనీ, ఒరిగినది లేవడానికి బద్ధకిస్తుందనీ వాసవి గీతలు గీసి చూపించింది, లెక్కలు వేసి చూపించింది, బకెట్టులో ప్లాస్టిక్ డబ్బా తేల్చి దాని మీద చింతపండు ఉండ పెట్టి మరీ వీడియో పంపింది. హరికృష్ణ ఆ వీడియో చూసి, డబ్బా బాగుందన్నాడు.

"ముంబైలో చూపించిన ఫారిన్ పడవలకు ఉండాది గదమ్మా తొట్టి?"

"అవి పొద్దున పోయి సాయంత్రానికి ఒడ్డుకొచ్చే పడవలు సార్. మీది సముద్రం దాటే పడవ. పోనీ, సముద్రం నీళ్ళు అప్పటికప్పుడు తోడుకునేటట్టు పెడదామా?"

"ఉప్పునీళ్ళలో కూసునేదానికి తొట్టి ఏంటికి? సముద్రమే ఉండాది గదా. మంచినీళ్ళే కావాల. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే మిషను పెడుతుండాం గదా, దాంతో నింపుకుంటాం."

"ఆ మిషను ఇరవై గంటలు ఆడితే గాని తొట్టి నిండదు."

"ఆడనీలే. గాలీవానా వచ్చిందనుకో, బిరడా పీకి పారబోస్తాం. అంతే గదా?"

చివరికి ఒక బుధవారం ఫోన్ చేసి ఖరాఖండిగా చెప్పేశాడు. శనివారం తామిద్దరూ గౌరి పుట్టింటి పని మీద ధర్మవరం పోతున్నారు. దారిలో హిందూపురంలో ఆగుతారు. మిద్దె మీద తొట్టితో నమూనా సిద్ధంగా ఉంటే సంతకం పెడతాడు. లేకపోతే ముంబై ఏజెంటు దగ్గర రెడీమేడ్ పడవ ఉంది, దుడ్లు అక్కడ కడతాడు.

తొట్టి గీయడం వాసవికి పది నిమిషాల పని. కానీ గీశాక కింద తన పేరు రాయాలి. ఆ పడవలో ఇద్దరు మనుషులు నడిసముద్రంలోకి పోతారు. గీయకపోతే, పై గది బోర్డు దిగిపోతుంది, కొచ్చిలో పాత యజమాని నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతానన్న కుర్చీలో పోయి కూర్చుని ఎవరెవరి పడవలకో మరుగుదొడ్లు గీస్తూ బతకాలి. తన పడవ ఒకటి నీళ్ళలోకి దిగుతుంటే చూడాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ ఎంత ఆశో, అది మళ్ళీ లేవకుండా ఒరిగిపోతుందేమోనని ఇప్పుడంత భయం పట్టుకుంది. ఆ పూట అన్నం సయించలేదు.

అన్నం సయించనప్పుడే ఆమెకు ఆలోచనలు వస్తాయి. గీతలు చూసి నమ్మని మనిషి, కూర్చుని చూస్తే నమ్ముతాడేమో! ధర్మవరం దాకా కారులో వద్దు, నా పడవలోనే రండి అని హరికృష్ణకు కబురు పెట్టింది. మండీకి చింతపండు మూటలు తోలే కుళ్ళాయప్ప చిన్న లారీ మాట్లాడింది. వడ్రంగులు, వెల్డింగు వాళ్ళు కలిసి రెండు రోజుల్లో ఆ లారీ మీద ఇనప చట్రం కట్టి, ప్లైవుడ్‌తో పడవ వంటగది, సగం హాలు అచ్చంగా అదే కొలతల్లో నిలబెట్టారు. అడుగుపలకల కింద నీళ్ళకు రెండు పెద్ద డ్రమ్ములు, వాటిలోంచి కాలితో తొక్కితే నీళ్ళు వచ్చే పంపు, అన్నీ అసలు పడవలో ఉండబోయే పద్ధతే. రోడ్డు ఎక్కడెక్కడ బాగుండదో కుళ్ళాయప్పకు కంఠతా వచ్చు. ఆ చోట్లన్నీ వాసవి ఒక కాగితం మీద రాసుకుంది.

లారీ కుదుపు, అల ఊపు ఒకటి కావని ఆమెకు తెలియకపోలేదు. కడ్డీలు, కట్టలు, వంటగది చూసి ఈ పిల్లకు పని తెలుసని నమ్మకం కలిగితే తొట్టి సంగతిలో కూడా తన మాట వింటాడేమోనన్నదే ఆమె ఆశ.

శనివారం పొద్దున అతిథులకు ఇంట్లో టిఫిన్ పెట్టి వాసవి లారీ దగ్గరికి తీసుకొచ్చింది. హరికృష్ణ తెల్ల టోపీ ఒకటి పెట్టుకుని వచ్చాడు. గౌరికి ఆయనకంటే నాలుగేళ్ళు తక్కువ. మాట కూడా తక్కువ. మోకాళ్ళ నొప్పి వల్ల లారీ ఎక్కించడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. భాస్కరయ్య అప్పటికే లోపల కూర్చుని ఉన్నాడు. చట్రం పైన నీలిరంగు టార్పాలిన్ ఒకటి కప్పి ఉంది.

"అదేంటికి నాయనా?" అంది వాసవి.

"ఎండ తగలకుండా" అన్నాడు భాస్కరయ్య, రోడ్డు వైపు చూస్తూ. ఆయన ఏదైనా దాచేటప్పుడు రోడ్డు వైపే చూస్తాడు. వాసవికి అది తట్టాల్సింది, హడావిడిలో తట్టలేదు.

కుళ్ళాయప్ప టెంకాయ కొట్టి బండి కదిలించాడు. సోమందేపల్లిలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర బండి నెమ్మదించగానే అంగళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు లేచారు.

"ఏమప్పా, ఏ పార్టీదిది?" అని ఒకాయన అరిచాడు.

"పార్టీది కాదబ్బా, పడవ!" అన్నాడు కుళ్ళాయప్ప.

"పడవనా? యాడ పడింది వాన?"

లోపల గౌరి కాఫీ కలుపుతోంది. వాసవి చూపించినట్టు గట్టుకు నడుము ఆనించి నిలబడింది. బండి ఎగిరింది, గిన్నె ఎగరలేదు. బండి అటు పోయింది, గ్లాసులు ఇటు జరిగి కట్టకు తగిలి బుద్ధిగా ఆగాయి. నాలుగు గ్లాసుల కాఫీ ఒక్క చుక్క ఒలకకుండా బల్ల మీదికి వచ్చింది.

"బాగుండాది" అంది గౌరి. అది ఆమె ఆ రోజు అన్న మొదటి మాట.

వాసవికి గాల్లో తేలినట్టయింది. గ్లాసు కడగబోయి కాలితో పంపు వెతుక్కునేలోపే కుళాయిలో నీళ్ళు ధారగా వచ్చేశాయి. తొక్కకుండా నీళ్ళెలా వచ్చాయో అర్థం కాక తండ్రి వైపు చూసింది. తండ్రి రోడ్డు వైపు చూశాడు.

"ఇంక మిద్దె మింద తొట్టి ఒకటి పడిందంటే..." అని హరికృష్ణ కాళ్ళు బారజాపాడు.

పెనుకొండ కొండ కనబడుతోంది. కొండ పక్కగా రోడ్డు తిరిగే మలుపు ఒకటుంది. కుళ్ళాయప్ప మామూలు వేగంతోనే తిప్పాడు. బండి ఎడమకు ఒరిగింది. ఒరిగి, తిరిగి రావాలి కదా, రాలేదు. అలాగే ఒరిగి, రావాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు కాసేపు ఉండిపోయి, తర్వాత బద్ధకంగా లేచి, ఈసారి కుడికి ఒరిగింది. టోపీ పడిపోయింది. హరికృష్ణ రెండు చేతులతో రెండు కడ్డీలు పట్టుకున్నాడు. పడవ ఒరిగితే వాసవికి భయం లేదు. ఒరిగిన చోట ఆగి ఆలోచిస్తేనే భయం. నాలుగు నెలలుగా కంప్యూటర్ తెర మీద ఆమెను భయపెడుతున్నది సరిగ్గా ఆ ఆగడమే.

కుళ్ళాయప్ప బండి పక్కకు తీసి ఆపి, కిందికి దూకి భాస్కరయ్య కేసి తిరిగాడు.

"సెట్టీ, నూరు మూటలెత్తినా నా బండి ఎప్పుడూ ఇట్ల ఊగలేదు. మింద ఏం పెట్టినావు?"

వాసవి చట్రం పట్టుకుని పైకి ఎక్కి టార్పాలిన్ లాగింది. కింద ఐదు వందల లీటర్ల నల్ల ట్యాంకు ఉంది. అంచు దాకా నిండి ఉంది. మూత మీద పగులుకు వాసవి చిన్నప్పుడు అతికించిన బొమ్మ కూడా ఉంది. అది వాళ్ళింటి మిద్దె మీది ట్యాంకే.

"నాయనా, ఇదేంది?"

"ట్యాంకు."

"ట్యాంకని కనబడుతుండాది. ఈడేంటికి ఉండాది?"

"నీళ్ళు పైనుంటేనే గదా పాపా కిందికొచ్చేది" అన్నాడు భాస్కరయ్య, బతిమాలుతున్నట్టు. "నువ్వు చూస్తే కింద డ్రమ్ముల్లో పెట్టి కాలితో తొక్కమంటివి. పొద్దున నేను తొక్కి చూస్తే మూడో తొక్కుకు గాని రాలేదు. వచ్చినోళ్ళు నిన్ను ఏమనుకుంటారు? అందుకే హమాలీలను పిలిచి ట్యాంకు ఎత్తించి, డ్రమ్ముల్లో నీళ్ళు దాంట్లోకి తోడించి, మిగతాది ట్యాంకరు నీళ్ళతో నింపించి, పైపు కలిపిస్తి. నీకు పేరు రావాలనే చేస్తినమ్మా."

మిద్దె మీద నీళ్ళు వద్దని నాలుగు నెలలు ఊరూవాడా ఏకం చేసిన పిల్ల నెత్తి మీద, కన్న తండ్రే ప్రేమగా ఐదు వందల లీటర్లు ఎక్కించాడు. వాసవికి ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. రెండూ మింగేసింది, ఎందుకంటే హరికృష్ణ కింద నిలబడి ముఖం ఎర్రగా చేసుకుని ఉన్నాడు.

"ఇదేనా నీ పడవ? రోడ్డు మిందనే ఇట్ల ఊగుతాంటే, రేపు సముద్రంలో మా గతేంది?"

"ఐదు నిమిషాలు సార్. ట్యాంకు ఖాళీ చేసేస్తా, అప్పుడు చూడండి" అంటూ వాసవి అడుగున ఉన్న గొట్టం మూత మీద చెయ్యి వేసింది.

"ఏయ్!" అని మూడు గొంతులు ఒక్కసారే లేచాయి. కుళ్ళాయప్ప అరిచాడు, భాస్కరయ్య అరిచాడు. అందరికంటే గట్టిగా అరిచింది హరికృష్ణ.

"నీళ్ళు రోడ్డు మింద పారబోస్తావా? ఐదు వందల లీటర్లు! మంచినీళ్ళు! ఏం పిల్లమ్మా నువ్వు, మన పక్క పుట్టినదానివేనా?"

వాసవి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పైనుంచి ఆయన్నే కాసేపు చూసింది.

"పారబోయకుంటే బండి పడిపోతాది సార్."

"వేరే దావ చూడు. పారబోసేది మాత్రం కుదరదు."

"ఇవి పొద్దున గంటలో నింపిన నీళ్ళు. పడవలో మీ తొట్టి ఇరవై గంటలు మిషను ఆడించి నింపుతారు. దాన్ని గాలీవానలో బిరడా పీకి పారబోస్తానంటిరే?"

 కుళ్ళాయప్ప హరికృష్ణ తరఫున ఏమైనా చెప్పొచ్చేమోనని ఆలోచించి, దొరక్క ఊరుకున్నాడు. ఈ సీమలో పుట్టినవాడు నింపిన నీళ్ళు పారబోయడు. పడవ ఒరుగుతున్నా, మునుగుతున్నా, ఇంకొంచెం చూద్దాం అంటాడు. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు, హరికృష్ణకు మరీ బాగా తెలుసు.

వేరే దావ బండి అడుగుపలకల కింద ఖాళీగానే ఉంది. పైపు పెట్టి ట్యాంకులో నీళ్ళన్నీ అడుగు డ్రమ్ముల్లోకి దింపారు. మిగిలిన కొసరును భాస్కరయ్య దగ్గరుండి క్యాన్లలోకి పట్టించి, క్యాన్లు కూడా నేల మీదే కట్టించాడు. తర్వాత కుళ్ళాయప్ప బండి వెనక్కి తిప్పుకుని పోయి, అదే మలుపుకు అదే వేగంతో వచ్చాడు. బండి కొంచెం ఒరిగింది, వెంటనే నిటారుగా లేచి నిలబడింది. బల్ల మీది గ్లాసు కట్ట దాకా కూడా జరగలేదు.

"ఇంకోసారి" అన్నాడు హరికృష్ణ.

మళ్ళీ తిప్పుకొచ్చారు. మూడోసారి కూడా తిప్పించాడు. మలుపు దగ్గర టీ అంగడాయన ఈ బండికేమైందోనని బయటికొచ్చి నిలబడ్డాడు.

"అవే నీళ్ళు గదమ్మా?"

"అవే నీళ్ళు సార్. ఒక్క చుక్క తగ్గలేదు, మీరే తగ్గనీలేదు. తావు మారింది, అంతే."

హరికృష్ణ బండి దిగాడు. టీ అంగడి బెంచీ మీద కూర్చుని టోపీ దులుపుకున్నాడు. వాసవి పక్కన నిలబడింది. గౌరి లారీలోనే గ్లాసులు కడుగుతోంది.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా" అన్నాడు చివరికి. "అట్లయితే మిద్దె మింద తొట్టి లేదు. తొట్టి లేకుంటే నాకు పడవే వద్దు. ఫారిన్ పడవా వద్దు, నీ పడవా వద్దు."

ఆయన గొంతులో కోపం లేదు.  కోపమైతే వాసవి జవాబు చెప్పి ఉండేది.

"మా పెండ్లయిన ఏడు," అన్నాడు హరికృష్ణ, "గౌరి వాళ్ళింట్లోనే మగ్గం నేస్తాండె. పొద్దంతా గుంతలో కూసోని నేసేది, సాయంత్రం అర బకెట్టు నీళ్ళు స్నానానికి. అర బకెట్టే. అప్పుడు మాటిచ్చినా, ఒక దినం నిన్ను నీళ్ళలో కూసోబెడతానని. ముప్పై ఎనిమిదేండ్లయింది. బెంగుళూరు ఇంట్లో టబ్బు కట్టించినా. ట్యాంకరు నీళ్ళు దాంట్లో నింపేదానికి గౌరికి మనసు రాక, బియ్యం మూట పెట్టుకుంది. సముద్రంలో అయితే నీళ్ళకు కొదవ లేదు గదా. పైన ఆకాశం, చుట్టూ సముద్రం... అందుకే తొట్టంటి. అందుకే పడవంటి."

 నాలుగు నెలల్లో ఈయన్ను వాసవి ఇంజను గురించి అడిగింది, పరుపు గురించి అడిగింది, తొట్టి ఎందుకు వద్దో చెప్పింది. తొట్టి ఎందుకని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. గౌరినైతే ఏమీ అడగలేదు. తనమీద తనకే సిగ్గేసింది.

మళ్ళీ బండెక్కి ధర్మవరం చేరారు. గౌరి పుట్టిల్లు నేతగాళ్ళ వీధిలో ఉంది. అటూ ఇటూ ఇళ్ళలో మగ్గాల చప్పుడు వినబడుతోంది, ఆ ఇంట్లో మాత్రం లేదు. తమ్ముడు కుటుంబంతో బత్తలపల్లికి మారిపోయాడు. ఇల్లు ఎవరికైనా అద్దెకివ్వాలని తాళాలు అక్కకిచ్చాడు. ముందుగదిలో మగ్గం తీసేశారు. మగ్గం కింద నేతగత్తె కాళ్ళు పెట్టుకునే గుంత అలాగే ఉంది. చుట్టూ బండలు పరిచి, పక్కలు నున్నగా గచ్చు చేసిన గుంత.

గౌరిని లారీ నుంచి దింపడానికి మళ్ళీ ఇద్దరు పట్టాల్సి వచ్చింది. గడప దాటాక మాత్రం ఎవరి సాయమూ అడగలేదు. నేరుగా పోయి, గుంత అంచున కూర్చుని, రెండు కాళ్ళూ లోపలికి వేసేసింది. అబ్బా అని కూడా అనలేదు. కాళ్ళు రెండూ, లేని మగ్గం పలకలను తొక్కుతున్నట్టు ఒకసారి కదిలాయి.

అదే వాసవి కంట్లో పడింది.

"అమ్మా," అంది పక్కన చతికిలబడి, "పడవ మిద్దె మీదికి ఏడు మెట్ల నిచ్చెన. సార్ అడిగిన తొట్టిలోకి మీరు ఎట్ల ఎక్కేవాళ్ళు?"

"ఎక్కలేను."

"మరి చెప్పలేదే?"

"నన్నెవరు అడిగినారు?" అంది గౌరి. "చెప్తే ఈయన బాధపడతాడు. అంతగా ఆశపడి కట్టిస్తుండాడు, ఈయనొక్కడే పైన కూసుంటాడులే, కింద నేను కాఫీ పెట్టుకుంటా అనుకుంటి."

హరికృష్ణ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఈడైతే?" అంది వాసవి. అప్పటికే బ్యాగులోంచి టేపు తీసింది.

"ఈడ ఎక్కేదేముండాది పాపా? కూసోని కాళ్ళేసుకునేదే గదా."

వాసవి గుంత పొడవు కొలిచింది, వెడల్పు కొలిచింది, గౌరి మోకాలి నుంచి పాదం దాకా కొలిచింది. సంతకం కోసం తెచ్చిన నమూనా కాగితాన్ని నేల మీద పరిచి, పడవ వెనకభాగంలో, తలుపు తీయగానే ఆకాశం కనబడే చోట, నేల మట్టానికి ఒక గుంత గీసింది. నిచ్చెన లేదు, మెట్టు లేదు. మీద మూత వేస్తే నేల, తీస్తే తొట్టి. నీళ్ళు కింద ఉంటాయి, పడవను పట్టుకుని ఉంటాయి, గాలీవానలో కూడా బిరడా పీకే పని లేదు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు.

"నేలలో తొట్టా?" అన్నాడు హరికృష్ణ మెల్లగా దగ్గరికొచ్చి. "మగ్గం గుంత మాదిరి? వద్దు గౌరీ. ఆ గుంతలో నుంచి నిన్ను లేపాలనే గదా నేను ఇన్నేండ్లు..."

గౌరి ఆయన వైపు తలెత్తి చూసింది.

"వానాకాలం ఈ గుంతలోకి నీళ్ళు ఊరేవి, తెలుసునా నీకు? గుంతలో నీళ్ళొచ్చినాయంటే మగ్గం ఆగిపోయేది. మా అమ్మా నేనూ గిన్నెలతో తోడి పోసుకుంటా ఏడ్చేటోళ్ళం. ఇదే గుంతలో నీళ్ళుంటే నవ్వుకుంటా కూసోవాలని నాకుండాది. ఇది నాకు అలవాటైన చోటు. మిద్దె నీకు, గుంత నాకు."

 హరికృష్ణ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ భాస్కరయ్య గబగబా బయటికి పోయాడు. వీధిలో ఎవరో ముసలాయన లారీ చుట్టూ తిరిగి చూస్తూ, "ఏంది సామీ ఇది?" అని అడగడం లోపలికి వినబడింది.

"మా పాప గీసిన పడవ" అన్నాడు భాస్కరయ్య. తడుముకోలేదు, కంప్యూటర్ ఊసే ఎత్తలేదు. వాసవి చేతిలో పెన్సిలు ఒక్క క్షణం ఆగింది.

ఆయన నీలి టార్పాలిన్ చంకన పెట్టుకుని, పైపు ఈడ్చుకుంటూ లోపలికొచ్చాడు. టార్పాలిన్ గుంతలో పరిచి అంచులు బండల మీదికి మడిచాడు. పైపు రెండో కొస లారీ మీది డ్రమ్ములో ఉంది. కుళ్ళాయప్ప ఒకసారి నోటితో పీల్చి వదిలేసరికి నీళ్ళు బుడబుడమంటూ లారీ దిగి, గడప దాటి, గుంతలోకి దూకాయి.

"చూస్తివా?" అన్నాడు భాస్కరయ్య కూతురితో. "పైనుంటేనే గదా కిందికొచ్చేది."

గౌరి చీర కొంచెం పైకి పట్టుకుని కాళ్ళు అందులోనే ఉంచింది. నీళ్ళు పాదాలు దాటాయి, మడమలు దాటాయి, పిక్కల దాకా వచ్చాయి. హరికృష్ణ చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఆమె పక్కన కూర్చున్నాడు. నమూనా కాగితం ఒళ్ళో పెట్టుకుని సంతకం పెడుతుంటే ఒక మూల తడిసింది. వాసవి ఆ మూలను కొంగుతో అద్దింది, కళ్ళు అద్దుకోవడం మరిచిపోయింది.

నీళ్ళు మోకాళ్ళకు జానెడు కిందికి రాగానే భాస్కరయ్య అలవాటుగా పైపు మడిచి పట్టుకున్నాడు.

"చాలా తల్లీ?" అని అడిగాడు.

గౌరి గుంతలోకి చూసుకుంది, మొగుడి కాళ్ళ వైపు చూసింది, పెద్దగా నవ్వింది.

"ఇంకొంచెం పొయ్యి సెట్టీ" అంది.

భాస్కరయ్య పైపు వదిలేశాడు.